ఏదీ అంటనివ్వని పూత

నేను ఒక పూతను. కొత్త బండి రంగు చెడిపోకుండా దాని మీద పట్టించే గాజులాంటి పూతను. టౌన్లో కార్లు కడిగే షాపుల వాళ్ళు నన్ను సిరామిక్ కోటింగ్ అంటారు. మీ ఇంట్లో పింగాణీ కప్పు ఉంటే దానికి నేను దూరపు చుట్టాన్ని. మా ఇద్దరి పుట్టుకలోనూ ఇసుక ఉంది. నన్ను సరిగ్గా పూస్తే నేనున్నట్టే ఎవరికీ తెలియదు. పూసేవాడి చెయ్యి ఎక్కడ తప్పుతుందో అక్కడ మాత్రమే కంటికి కనిపిస్తాను.

ఎక్కడో ఒక పెద్ద ఊరి చివర, కిటికీలు లేని షెడ్డులో, ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు నన్ను బొటనవేలంత సీసాలోకి ఒంపారు. వాళ్ళలో మూతలు బిగించే ఆమె ఏనాడైనా కొత్త బండి ఎక్కి ఉంటుందని నేననుకోను. సీసా పక్కన ఒక స్పాంజి ముక్క, మెత్తటి గుడ్డలు, ఒక జత చేతి తొడుగులు, చీమల బారులాంటి అక్షరాలున్న ఒక కాగితం పెట్టి అట్టపెట్టె మూశారు. పెట్టె మీద మాత్రం అక్షరాలు పెద్దవి. మూడేళ్ళ పాటు అద్దంలాంటి మెరుపు అని. మనుషులకు ఇలాంటి హామీల మీద మోజెక్కువ. తమ ఒంటి చర్మానికి ఇస్తామన్నా ఎగబడి కొనుక్కుంటారు.

ఆ పెట్టె లారీలు మారి, గోడౌన్లు మారి, చివరికి మొగల్తూరు అవతల, సముద్రపు గాలి కొట్టే ఒక ఊళ్ళో దిగింది. చుట్టూ రొయ్యల చెరువులే. గాలిలో ఉప్పు, నీళ్ళలో ఉప్పు, మనుషుల మాటల్లో కూడా కాస్త ఉప్పు ఉండే ఊరు. నన్ను ఫోన్లో బేరమాడి తెప్పించుకున్నవాడి పేరు మావుళ్ళు. పాతికేళ్ళు దాటని కుర్రాడు. వాళ్ళన్నయ్య పెద్దిరాజు పేరు మీద అంతకు కొద్ది రోజుల ముందే ఒక కొత్త ట్రక్కు వచ్చింది. నీలిరంగు. చెరువుల దగ్గర రొయ్యలు ఎత్తుకుని, ఐసు కొట్టించుకుని, కంపెనీ షెడ్డుకు చేర్చడం దాని పని.

ఆ కుర్రాడు నా కోసం ఎందుకంత తాపత్రయపడ్డాడో చెప్పాలి. అంతకు ముందు వాళ్ళకొక పాత వ్యాను ఉండేదట. ఐసు కరిగి రొయ్యల నీళ్ళతో కలిసి కారీ కారీ దాని ఒళ్ళంతా ఉప్పు తినేసింది. ఒకరోజు నడిరోడ్డు మీద మావుళ్ళు తలుపు లాగితే తలుపు ఊడి చేతిలోకి వచ్చేసింది. చూసినవాళ్ళంతా నవ్వారు. "ఒరే మావుళ్ళూ, తలుపు ఇంటికి అట్టుకెళ్ళి గుమ్మానికి బిగించుకోరా" అన్నారు. తనూ నవ్వాడు గానీ ఆ తలుపును భుజాన వేసుకుని ఇంటికి నడిచిన సంగతి మర్చిపోలేదు. కొత్త బండిని ఉప్పు ముట్టుకోకూడదని ఆ రోజే అనుకున్నాడు.

షాపులో పూయించాలంటే టౌనుకు పోవాలి. పెద్దిరాజు ఒప్పుకోలేదు. అందుకని మావుళ్ళు ఫోన్లో వీడియోలు చూసి తానే పూస్తానన్నాడు. ఎండ తగలకూడదని రొయ్యల మేత నిల్వచేసే షెడ్డు ఖాళీ చేయించి బండిని అందులోకి తోలాడు. కడిగాడు, తుడిచాడు, స్పిరిట్ పెట్టి మళ్ళీ తుడిచాడు. చంటిపిల్లకు కూడా అంత శ్రద్ధగా ఎవరూ నీళ్ళు పోయరు.

పెద్దిరాజు షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తూ, "ముందు పెయింటర్ రాజారత్నంగారి చేత పేర్లు రాయించాలి కదరా. అమ్మవారి పేరు, అమ్మ పేరు. తర్వాత పూసుకో నీ తైలం" అన్నాడు.

"పేర్లేంటన్నయ్యా ఇంకా. అద్దంలాగుండాలి బండి. కంపెనీ బండనుకోవాలి చూసినోళ్ళు."

"పేరు లేని బండి దొంగ బండిలాగుంటాదిరా."

"మరి దొంగోడు నడుపుతున్నాడనుకుంటార్లే. నువ్వే కదా నడిపేది."

పెద్దిరాజు నవ్వి ఊరుకున్నాడు. తమ్ముడి మాటకు ఎదురు చెప్పడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు. ఈ అన్నదమ్ముల మధ్య ఆ పూట జరిగిన పొరపాటు అంతే. పేరు రాయాల్సిన బండికి పేరు రాయకముందే నన్ను పూశారు. పూసినవాడికి గానీ, చూస్తూ నిలబడ్డవాడికి గానీ అది పొరపాటని ఆ రోజు తెలియదు.

చేతి తొడుగులు మావుళ్ళుకు పట్టలేదు. వలలు లాగిన చేతులు. వేళ్ళు దూర్చగానే పర్రున చిరిగాయి. వాటిని అవతల పారేసి ఉత్త చేతుల్తోనే మొదలుపెట్టాడు. స్పాంజి మీద నన్ను చుక్కలుగా వేసుకుని ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా రుద్దాలి. కాసేపాగితే నా మీద నూనెపొరలాగా రంగులు తేలతాయి. అవి తేలగానే మెత్తటి గుడ్డతో తుడిచెయ్యాలి. ఆలస్యమైతే నేను అక్కడే గట్టిపడి మచ్చనైపోతాను. ఇదంతా ఆ చీమల బారు కాగితంలో ఉంది. మావుళ్ళు అక్షరం వదలకుండా పాటించాడు. బానెట్టు, పైకప్పు, కుడి తలుపు, వెనక తొట్టి అంచులు, అన్నీ. పని చేస్తూ ఏదో కూనిరాగం తీశాడు. ఆ రాగానికి తలా తోకా లేదు.

ఎడమ తలుపు కింది మూలకు వచ్చేసరికి తల్లి సూరమ్మ ఇంట్లోంచి కేకేసింది. "ఏరా, పులుసు చల్లారిపోతంది. ఆ బండిని నాకుతా కూర్చుంటావేంట్రా, కడుపు నిండుద్దా."

"వత్తన్నానమ్మా" అంటూనే లేవబోయి, తూలి, ఎడం చెయ్యి నా మీద ఆనించాడు. మూడు వేళ్ళ గుర్తు పడింది. తినేసి వచ్చి తుడుద్దామనుకున్నాడు. వచ్చేసరికి నేను గట్టిపడిపోయాను. నల్లటి పొడలాంటి మచ్చ, దాని మధ్య మూడు వేళ్ళు.

పెద్దిరాజు చూసి, "అంతా బాగుందిగానీ ఇక్కడ గజ్జిపట్టినట్టు ఇదేంట్రా" అన్నాడు.

"ఆదివారం పాలిష్ పెట్టి తీసేస్తానన్నయ్యా. నువ్వు చూడకు అటు."

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఒకనాడు చెరువులో రొయ్యల పట్టుబడి ఉండేది, ఒకనాడు పెళ్ళి ఉండేది. ఆ మచ్చ అలాగే ఉండిపోయింది.

నా పని నేను చేశాను. దుమ్ము పడితే నీళ్ళతో జారిపోయేది. పక్షి రెట్ట, చెరువు బురద, ఐసు నీళ్ళు, ఏదీ నన్ను అంటుకోలేదు. వాన పడితే నీరు గుండ్రటి బొట్లుగా మారి దొర్లుకుంటూ పోయేది. మావుళ్ళు దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చెంబుడు నీళ్ళు పోసి చూపించేవాడు. అయితే ఒకరికి మాత్రం నేను నచ్చలేదు. సూరమ్మ శుక్రవారం పూట బండి ముందు పసుపు రాసి బొట్టు పెట్టేది. సాయంత్రానికి ఎండకో, గాలికో, అది రాలిపోయేది.

"బొట్టు నిలవని బండేం బండిరా" అనేది ఆమె.

"ఉప్పు నిలవని బండమ్మా" అనేవాడు మావుళ్ళు.

ఒక తెల్లవారుజామున పట్టుబడికి వెళ్ళాం. అప్పుడప్పుడే వెలుగొస్తోంది. పెద్దిరాజు ట్రేలు సర్దుతున్నాడు. చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటరు ఒకటి నాచు చుట్టుకుని ఆగిపోయింది. అది మావుళ్ళు చెయ్యాల్సిన పని కాదు. చెరువు మీద కాపలా ఉండే ముసలాయనకు మోకాళ్ళ నొప్పులని, "ఉండు తాతా, నేను తీత్తాలే" అని లుంగీ ఎగ్గట్టి దిగాడు. కరెంటు ఆపారనుకున్నాడు. ఆపలేదు. నీళ్ళలో వైరు ఎక్కడో ఒలిచుకుపోయి ఉంది.

అప్పుడు నా ఎడమ తలుపు చెరువు వైపుకే ఉంది. అద్దంలా ఉండాలని అతను మెరిపించిన తలుపు. ఆకాశం, గట్టు, నీళ్ళు, అన్నీ నాలో కనిపిస్తున్నాయి. అతను పడిపోవడం కూడా నాలో కనిపించింది. పెద్దిరాజు ట్రే వదిలేసి పరిగెత్తడం కనిపించింది. అంతకంటే నేను చెప్పను.

మావుళ్ళును ఆ బండిలోనే ఇంటికి తీసుకొచ్చారు.

దినాలు జరుగుతుండగా సూరమ్మ ఒక కోరిక కోరింది. పెద్దకర్మ నాటికి బండి మీద మావుళ్ళు పేరు ఉండాలంది. ఎడమ తలుపు మీద. రోడ్డు పక్కన నడిచేవాళ్ళకు కనపడేది అదే. "ఆడి పేరున గజం భూమి లేదు. పెళ్ళి కాలేదు, శుభలేఖలో కూడా పేరు పడలేదు. బండి ఊళ్ళు తిరుగుద్ది కదా. ఆడి పేరూ తిరగాలి" అంది.

పెయింటర్ రాజారత్నంగారిని పిలిపించారు. స్టిక్కర్లు వచ్చాక ఆయన కుంచె పట్టడమే తగ్గిపోయింది. అయినా వచ్చాడు. కళ్ళజోడు సవరించుకుని సుద్దతో గీత గీస్తే గీత సరిగ్గా పడలేదు. సరేనని పసుపు రంగులో కుంచె ముంచి 'మా' అని దిద్దాడు. ఆ అక్షరం ఆయన కళ్ళ ముందే విడిపోయింది. తామరాకు మీద నీళ్ళలా రంగు అక్కడక్కడా ముద్దలై కిందికి జారింది. తుడిచి మళ్ళీ రాశాడు. మళ్ళీ జారింది.

"ఇదేంటయ్యా పెద్దిరాజూ. ఆముదం గానీ పట్టించారా దీనికి."

"మా తమ్ముడు పూశాడండి. ఏదీ అంటుకోకుండా ఉండాలని."

రాజారత్నంగారు కుంచె పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "వాటర్ పేపర్ పెట్టి గీకెయ్యాలి మరి. పూత ఊడితేగానీ పేరు నిలవదు."

పెద్దిరాజు ఆయనకు కాఫీ ఇప్పించి పంపేశాడు.

నా బతుకులో నేను సిగ్గుపడ్డ రోజు అదే. ఏదీ అంటనివ్వకపోవడం ఒక్కటే నాకు నేర్పిన విద్య. నన్ను అక్కడ పెట్టినవాడి పేరే వచ్చి గుమ్మంలో నిలబడితే, ఇది వేరు, దీన్ని రానివ్వాలని తెలుసుకునే తెలివి నాకెవరు ఇచ్చారు.

పెద్దిరాజు గీకలేదు. పెద్దకర్మ అయిపోయింది. భోజనాలకు వచ్చినవాళ్ళు పేరు లేని తలుపు చూసి వెళ్ళారు. బయటివాళ్ళకు కారణం తెలియదు కాబట్టి తోచింది అనుకున్నారు. బండి అన్న పేరు మీద ఉందట, తమ్ముడి పేరు రాయిస్తే రేపు ఎవరైనా వాటా అడుగుతారని భయమట. ఈ మాట చేపల రేవులో పుట్టి, టీ కొట్టు మీదుగా సూరమ్మ చెవిన పడింది.

ఆమె ఒక మధ్యాహ్నం అరుగు మీద నుంచే అడిగింది. "తమ్ముడి పేరు నీ బండికి బరువైందేంట్రా."

పెద్దిరాజు ఆ మాటకు కోప్పడలేదు. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. తల్లిని చెయ్యి పట్టి బండి దగ్గరికి తీసుకొచ్చి, తలుపు మీద నీళ్ళు పోశాడు. నీళ్ళు బొట్లు బొట్లుగా దొర్లిపోయాయి. ఆమె చెయ్యి తీసుకుని నా మీద ఆనించాడు.

"ఇదంతా ఆడి చెయ్యేనమ్మా. అంగుళం వదలకుండా రుద్దాడు. పేరు రాయాలంటే దీన్ని గీకెయ్యాలంట. ఆడి పేరు కోసం ఆడి చెయ్యి ఎలా చెరపమంటావ్."

బొట్టు నిలవడం లేదని తిట్టుకున్న బండిని ఆ తల్లి ఎప్పుడూ అలా తడిమి చూడలేదు. బానెట్టు దగ్గర్నుంచి వెనక తొట్టి వరకు తడుముకుంటూ నడిచింది. పిల్లాడికి జ్వరం ఉందేమో చూసినట్టు చూసింది. ఎడమ తలుపు కింద మచ్చ దగ్గర వంగి, మూడు వేళ్ళ గుర్తు చూసింది.

"ఇదెప్పటిది?"

"నువ్వు అన్నానికి పిలిచినప్పటిది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు దించి అంది. "ఆడు పూశాడని నీకు తెలుసు, నాకు తెలుసు. మనం పోతే ఎవరికి తెలుసురా. ఊరు చదివేది పేరే. రాయించు."

ఇద్దరిలో ఎవరిది న్యాయం అంటే నేను చెప్పలేను. నేను గుడ్డ అంచున ఆరిపోయే చుక్కను. తల్లులూ అన్నలూ వాదించుకునే చోట నా మాటకు విలువేముంది.

మర్నాడు రాజారత్నంగారు గరుకుగా ఉండే ఆ వాటర్ పేపర్ తెస్తే పెద్దిరాజు ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. "నేను చేస్తానండి" అన్నాడు. తడిపి రుద్దడం మొదలుపెట్టాడు. నేను తెల్లటి గంజిలా కరిగి ఆయన మణికట్టు మీదుగా కారాను. ఈ పని అలవాటు లేని చెయ్యి అది. ఎంత గీకాలో ఎక్కడ ఆపాలో తెలియదు. పైగా కళ్ళనిండా నీళ్ళు. నాతోపాటు కింద నీలిరంగు కూడా కొన్నిచోట్ల పోయింది, రేకు బయటపడింది. రాజారత్నంగారు "చాలయ్యా, చాలు" అన్నా ఆగలేదు. మచ్చ అంచు వరకు వచ్చి మాత్రం ఆగిపోయాడు.

"అది కూడా తీసెయ్. అక్షరాలు సాపుగా వస్తాయి."

"అది ఉండనీండి."

రాజారత్నంగారు కుంచె తీసుకున్నాడు. మచ్చకు చోటు వదిలి పేరు రాశాడు. 'మావు' వరకు అక్షరాలు పెద్దవిగా, బారుగా వచ్చాయి. మిగిలిన చోటు చాలక 'ళ్ళు' కాస్త ఇరుకుగా, ఒత్తు వేలాడుతూ, మచ్చ పక్కకు ఒదిగి కూర్చుంది. చూసేవాళ్ళకు పెయింటర్‌కు లెక్క తప్పిందనిపించేది. సూరమ్మకు మాత్రం తృప్తి కలిగింది. ఆ శుక్రవారం ఆ పేరు కింద బొట్టు పెట్టింది. అది నిలిచింది.

పేరు ఊళ్ళు తిరిగింది. చెరువు గట్ల మీద, ఐసు ఫ్యాక్టరీ ముందు, రైలు గేటు దగ్గర. తెలియనివాళ్ళు కూడా గేటు పడ్డప్పుడు ఊసుపోక చదివేవారు. వాళ్ళు చదువుతున్నప్పుడల్లా పెద్దిరాజు పక్క అద్దంలోంచి చూసేవాడు.

కానీ ఉప్పుకు ఎవరి దుఃఖంతోనూ పని లేదు. అది సందు వెతుక్కుంటుంది. బండి మొత్తంలో నేను లేని చోటు ఒక్కటే, ఆ పేరున్న చోటు. రెండో వానాకాలానికే పసుపు అక్షరాల కింద చిన్న చిన్న బొబ్బలు లేచాయి. 'మా' తలకట్టు పెచ్చులూడింది. పెద్దిరాజు మళ్ళీ రాయించాడు. మళ్ళీ లేచాయి. ఊరి కోసం రాసిన పేరునే ఉప్పు ముందుగా తినడం మొదలుపెట్టింది. అప్పటికి సూరమ్మ కళ్ళు మసకబారాయి. సాయంత్రం అరుగు దిగి వచ్చి తలుపు తడిమేది. తుప్పు ఉబ్బెత్తుగా లేచి ఉండేది కదా, వేళ్ళకు తగిలేది. "ఉందిలే, ఇంకా ఉంది" అనుకుంటూ లోపలికి వెళ్ళేది. పెద్దిరాజు ఔననేవాడు. ఆమె ఆ నమ్మకంతోనే పోయింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ పేరు రాయించలేదు. రాయడానికి అక్కడ రేకు మిగల్లేదు.

నా సంగతి కూడా దాచను. పెట్టె మీద రాసిన మూడేళ్ళు దాటాక నేనూ పలచబడ్డాను. కడిగినప్పుడల్లా, ఎండ కాసినప్పుడల్లా కొద్దికొద్దిగా పోయాను. బానెట్టు మీద పోయాను, పైకప్పు మీద పోయాను. ఆ కుర్రాడు ఎంతో జాగ్రత్తగా, పద్ధతిగా, పలచగా పూసి తుడిచిన ప్రతిచోటా అరిగిపోయాను. అన్నం పిలుపుకు లేచి వెళ్ళి తుడవడం మర్చిపోయిన చోట మందంగా ఉండిపోయాను గదా, అక్కడ మిగిలాను. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆ మచ్చలోంచే.

బండి ముసలిదైంది. పెద్దిరాజు కూడా. చివరికి ఒకరోజు దాన్ని నరసాపురం రోడ్డులో జిలానీ అనే ఆయన పాత ఇనుప సామాన్ల షెడ్డుకు తోలుకొచ్చాడు. ఇంజను తీసి ఒకరు పట్టుకెళ్ళారు, టైర్లు ఇంకొకరు. ఎడమ తలుపును జిలానీ ఊడదీసి, బాగా లేదని ఒక పక్కకు ఆనించాడు. పేరు ఉండాల్సిన చోట చిల్లులు. చిల్లుల్లోంచి అవతలి సైకిళ్ళ గుట్ట కనిపిస్తోంది.

లెక్కలు అయ్యాక వాన మొదలైంది. ఇద్దరూ రేకుల పంచన నిలబడ్డారు. తలుపంతా తడిసి నీరు చారికలై కారుతోంది. కింది మూలన అరచేయంత చోట మాత్రం నీరు గుండ్రటి బొట్లై దొర్లుతోంది. జిలానీ కన్ను దాని మీద పడింది.

"ఇదేంటి భాయ్, ఈ మచ్చొక్కటే తడవట్లేదు. ఏం మరక ఇది?"

"మరక కాదండి" అన్నాడు పెద్దిరాజు. "మా తమ్ముడండి."

జిలానీ ఆయన ముఖం వైపు చూశాడు. "కావాలంటే ఆ ముక్క కోసిస్తాను. ఇంటికి పట్టుకెళ్ళు" అన్నాడు.

పెద్దిరాజు ఆలోచించాడు. ఇన్నేళ్ళు ఉప్పుతో కాపురం చేసినవాడు. "వద్దండి. కోసిన అంచు నుంచే ఎక్కుద్ది తుప్పు. ఒకసారి గీకాను, చాలు" అన్నాడు.

అంత మాట అన్నవాడు వెంటనే వెళ్ళిపోలేకపోయాడు. వానలోకి దిగి వచ్చి, నా ముందు గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ళు టకటకమన్నాయి. ఎడం చెయ్యి చాపి, ఆ మూడు గుర్తుల మీద తన మూడు వేళ్ళు పెట్టాడు.

సరిపోలేదు. అన్న వేళ్ళు కణుపుల దగ్గర లావెక్కి, వంకరపోయి ఉన్నాయి. తమ్ముడివి పాతికేళ్ళ కుర్రాడి వేళ్ళు, నిటారుగా, పులుసు చల్లారిపోతుందని తొందరలో ఉన్నవి. పెద్దిరాజు వేళ్ళు అటూ ఇటూ జరిపి చూశాడు. తర్వాత జరపడం మానేసి, వాన తగ్గేదాకా చెయ్యి అలాగే ఉంచాడు.